కీడు కబురు చేరేదెట్లా?

ఒంగోలుకు తూర్పుగా సముద్రపు ఒడ్డున ఉన్న కొత్తపట్నంలో గాని, దానికి ఎగువా దిగువా ఉన్న పల్లెపాలాల్లో గాని “మూడో నంబరు ఎగరేశారట” అంటే ఇక వ్యాఖ్యానం అక్కరలేదు. వలలు ఒడ్డుకు చేరుతాయి. పడవలు ఇసుక మీదికి ఎక్కుతాయి. వేటకు పోయిన మనిషి ఇంకా రాలేదేమని ఇంటివాళ్ళు వాకబు మొదలుపెడతారు. వాయుగుండాన్ని గురించిన శాస్త్రమంతా వాళ్ళు చదవనక్కరలేదు. ఒక్క అంకె చాలు.

మన దేశపు రేవుల్లో ఇట్లాంటి సూచికలు ఒకటి మొదలు పదకొండు వరకు ఉన్నాయి. పగటివేళ శంకువుల రూపంలోనూ పీపాల రూపంలోనూ ఉన్న గుర్తులను స్తంభానికి ఎగరవేస్తారు. రాత్రివేళ ఎర్రదీపాలు, తెల్లదీపాలు పెడతారు. ఒకటి, రెండు నంబర్లు ఎక్కడో దూరాన సముద్రంలో ఉన్న ఉపద్రవాన్ని తెలుపుతాయి. మూడు, నాలుగు రేవుకే గాలివాన తగలవచ్చునంటాయి. అయిదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. తుపాను రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందో కూడా ఆ అంకెలోనే ఇమిడి ఉంటుంది. పదకొండో నంబరు సంగతి వేరు. అది అన్నిటికంటె విచిత్రమైనది. దాన్ని చివర చూద్దాం.

ఈ సూచికలకూ కంప్యూటర్లకూ ఏమి సంబంధమని పాఠకులు అడగవచ్చు. ఈనాడు ఒంగోలు, గుంటూరు ప్రాంతాల మధ్యతరగతి కుటుంబాల్లో ప్రోగ్రాములు రాసే కొడుకో, కూతురో, అల్లుడో లేని ఇల్లు అరుదు. “నువ్వు చేసే పనేమిటి నాయనా?” అని అడిగితే వాళ్ళు చెప్పేది ఒక పట్టాన పెద్దవాళ్ళ తలకెక్కదు. కాని వాళ్ళ పనిలో చాలా భాగం ఈ సూచికల పనే. ఎక్కడో ఏదో చెడింది. ఆ కబురు తెలియవలసిన వాళ్ళకు, తెలియవలసిన రూపంలో, తెలియవలసిన వేళకు చేరాలి. ఇదీ సమస్య. చూడడానికి చిన్నది. కాని దీన్ని నిర్లక్ష్యం చేసినందుకు రాకెట్లు కూలిపోయినవి.

చేతికింది వాళ్ళు

కంప్యూటరులో ఏ పెద్ద ప్రోగ్రామూ ఒంటరిగా పని చేయదు. బ్యాంకు వాళ్ళ ప్రోగ్రాము ఉన్నదనుకోండి. రసీదు అచ్చువేయడానికి ఒకదాన్ని, ఫొటోను చిన్నది చేయడానికి ఇంకొకదాన్ని, పాత లెక్కలు మూటగట్టి దాచడానికి మరొకదాన్ని పిలుస్తుంది. పిలిచినదాన్ని తల్లి అనీ, పిలుపందుకొని వచ్చినదాన్ని బిడ్డ అనీ ఆ వృత్తిలోని వాళ్ళు అంటారు. మనం సులువుగా యజమాని, సహాయకుడు అనుకుందాం.

సహాయకుడు పని ముగించి వెళ్ళిపోతూ యజమానికి ఒక అంకె చెప్పిపోతాడు. ఆ అంకె సున్న అయితే పని సవ్యంగా జరిగిందని అర్థం. ఒకటి మొదలు 255 వరకు ఏదైనా అయితే ఏదో చెడిందన్న మాట. సున్నకు అంత గౌరవమేమిటని ఆశ్చర్యం కలుగుతుంది. పని చక్కబడే దారి ఒక్కటే, చెడే దారులు వంద. అందుచేత మంచికి ఒక్క అంకె చాలును. మిగిలినవన్నీ చెడు రకాలకు కేటాయించారు. యూనిక్స్ జాతి యంత్రాల్లో 127 వచ్చిందంటే, పిలిచిన మనిషి అసలు ఊళ్ళోనే లేడని భావం. 126 అంటే, మనిషి ఉన్నాడు గాని ఆ పని చేసే అధికారం లేదు. 137 అంటే, పని మధ్యలో వాడిని బలవంతంగా ఆపివేశారు. యంత్రంలో మెమొరీ చాలకపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం.

యజమాని ఆ అంకెను అడిగి తెలుసుకోవాలి. అడగకపోతే ఏమవుతుంది? పని ముగించిన సహాయకుడి పేరు పట్టికలోనుంచి పోదు. చచ్చినవాడూ కాదు, బతికినవాడూ కాదు. ఇట్లాంటివాటిని ఆ వృత్తివాళ్ళు ‘జాంబీ’లంటారు. కర్మకాండ జరగని ప్రేతం అని మన పెద్దలనే మాట దానికి సరిగ్గా సరిపోతుంది.

అచ్చుకెక్కిన ఫిర్యాదు

అంకె ఒక్కటే చాలదు. ఏమి చెడిందో మాటల్లో కూడా చెప్పాలి. ఆ మాటలు ఏ దారిన రావాలి? ఈ ప్రశ్నకు సమాధానం దొరికిన కథ తమాషాగా ఉంటుంది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ అనేవాళ్ళు యూనిక్స్ అనే వ్యవస్థను తయారు చేశారు. డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టిన మీదట 1973లో అందులో ‘పైపు’ అనే ఏర్పాటు వచ్చింది. ఒక ప్రోగ్రాము చేసిన సరుకు గొట్టంలో నీళ్ళవలె నేరుగా ఇంకొక ప్రోగ్రాములోకి పోతుంది. బాగానే ఉంది గాని, మొదట్లో సరుకూ ఫిర్యాదూ ఒకే దారిన వచ్చేవి.

ఆ రోజుల్లో వాళ్ళ దగ్గర ఫొటో పద్ధతిని అక్షరాలు కూర్చే యంత్రం ఒకటి ఉండేది. కూర్చిన కాగితాన్ని కంపుకొట్టే రసాయనాల యంత్రంలో పెట్టి నిమిషాల తరబడి వేచి ఉంటే గాని అక్షరాలు పైకి తేలవు. అక్కడ పని చేసిన స్టీవ్ జాన్సన్ తరువాత చెప్పిన ప్రకారం, ఒకనాటి మధ్యాహ్నం అనేకమందికి ఒకే అనుభవం ఎదురైంది. అంత శ్రమా పడి కాగితం బయటికి తీస్తే, దానిమీద వ్యాసం లేదు. ‘ఫలానా ఫైలు తెరవడం సాధ్యం కాలేదు’ అనే ఒకే ఒక్క వాక్యం, ముత్యాల్లాంటి అక్షరాలతో అచ్చయి ఉన్నది! సణుగుడు వినవలసిన వాళ్ళ చెవిన పడింది. కొద్ది రోజుల్లోనే ఫిర్యాదులకు వేరే దారి ఏర్పడింది.

ఈనాటికీ ప్రతి ప్రోగ్రాముకూ మూడు దారులుంటాయి. 0 నంబరు దారిన ముడిసరుకు లోపలికి వస్తుంది. 1 నంబరు దారిన తయారైన సరుకు బయటికి పోతుంది. 2 నంబరు దారి కేవలం ఫిర్యాదులకే. మిరపకాయ పండించే మన ప్రాంతంవాళ్ళకు ఇందులో వింత ఏమీ లేదు. మేలుకాయను, తాలుకాయను ఒకే టిక్కీలో తొక్కి యార్డుకు తోలితే ఏమవుతుందో రైతుకు తెలియదా? రెంటినీ ఏరి వేరే సంచుల్లో పోస్తాడు. తాలును పారవేయడు సుమా. దానికీ ఒక లెక్క, ఒక ధర ఉన్నది.

ఫిర్యాదునే దారి అనుకున్న రాకెట్టు

సరుకునూ ఫిర్యాదునూ కలగలిపితే కాగితం పాడుకావడంతో పోతే ఫరవాలేదు. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రంనుంచి ‘ఏరియన్ 5’ అనే యూరపువారి కొత్త రాకెట్టు మొట్టమొదటిసారి ఎగిరింది. అందులో నాలుగు శాస్త్రీయ ఉపగ్రహాలున్నాయి. రాకెట్టు ఎంత వేగంతో ఎటు పోతున్నదో కొలిచి ప్రధాన కంప్యూటరుకు చెప్పడానికి సహాయక కంప్యూటర్లు రెండు ఉన్నాయి; ఒకటి చెడితే ఇంకొకటి.

వాటి ప్రోగ్రామును అంతకుముందున్న ‘ఏరియన్ 4’ నుంచి తీసుకొన్నారు. కొత్త రాకెట్టు పాతదానికంటె పక్కకు వేగంగా సాగే రకం. అందుచేత ఒకచోట లెక్క పెద్దదైపోయి, 32,767 దాటిన అంకె పట్టని చిన్న గడిలో ఇమడలేదు. సహాయకుడికి దిక్కు తోచలేదు. తాను పని మానుకొని, “నాలో ఫలానా చోట చెడింది” అని సంకేతాల్లో ఒక ఫిర్యాదు పంపించాడు. రెండో సహాయకుడు అంతకు రెప్పపాటు ముందే సరిగ్గా అదే కారణంతో పడిపోయి ఉన్నాడు. ఇద్దరినీ ఒకే మూసలో పోశారు గదా!

అసలు ఘోరం ఆ తరువాత జరిగింది. ఆ ఫిర్యాదు సరుకు వచ్చే దారినే వచ్చింది. ప్రధాన కంప్యూటరు దాన్ని ఫిర్యాదని పోల్చుకోలేదు. రాకెట్టు పోతున్న తీరును చెప్పే కొలత అనుకొన్నది. రాకెట్టు అమాంతం పక్కకు తిరిగిపోయిందని భ్రమపడి, దాన్ని సరిచేయడానికి మంటలు చిమ్మే గొట్టాలను చివరికంటా తిప్పింది. సవ్యంగా పోతున్న రాకెట్టు ఆ దెబ్బకు ఒరిగి, గాలి ఒత్తిడికి విరిగి, పేలిపోయింది. పైకి లేచిన నలభై సెకన్లలోపే అంతా అయిపోయింది. విచారణ జరిపిన జాక్ లూయీ లయన్స్ సంఘం జులైలో నివేదిక ఇచ్చింది. ఇంకొక విషయం వింటే మనస్సు చివుక్కుమంటుంది. ఏ లెక్కలో అంకె ఇమడలేదో ఆ లెక్కతో రాకెట్టు పైకి లేచాక అవసరమే లేదు.

మింగివేసిన మాట

కలగలపడం ఒక రకం తప్పు. ఫిర్యాదును మింగివేయడం రెండో రకం. ఇది మరీ సామాన్యం. 2 నంబరు దారిన వచ్చే మాటలన్నిటినీ శూన్యంలోకి పారబోయడానికి యూనిక్స్‌లో ఒక గొయ్యి లాంటిది ఉన్నది. “ఊరికే గొణుగుతున్నది, తెరమీద చికాకుగా ఉన్నది” అని విసుగుపుట్టిన ప్రోగ్రామరు ఆ దారిని ఆ గోతిలోకి తిప్పివేస్తాడు. ఆ పూటకు ప్రాణం హాయిగానే ఉంటుంది. ఆరు నెలల తరువాత, నిజంగా చెడిన రోజున, చెప్పిన మాట వినడానికి ఎవరూ ఉండరు.

మనకు ఇళ్ళలో కనిపించే “ఏదో పొరపాటు జరిగింది, తరువాత ప్రయత్నించండి” అనే వాక్యం చాలాసార్లు ఇట్లా పుట్టినదే. లోపల సహాయకుడు స్పష్టంగానే చెప్పి ఉంటాడు: డిస్కులో చోటు లేదనో, పుట్టినతేదీ గడి ఖాళీగా ఉన్నదనో. మధ్యలో ఎవరో ఆ మాట మింగివేసి, ‘ఏదో’ అనే మాట మాత్రం మనకు వడ్డించారు. పింఛను కాగితం పెట్టుకోవడానికి వచ్చిన వృద్ధుడు నాలుగుసార్లు తిరిగి వెళ్ళడానికి ఆ ‘ఏదో’ చాలును.

మింగివేయడంలో ఇంకొక సూక్ష్మమైన రకం ఉన్నది. పైపులతో వరసగా కలిపిన ప్రోగ్రాముల్లో మామూలుగా చివరివాడు చెప్పిన అంకెనే మొత్తం పనికి ఫలితంగా తీసుకుంటారు. కాయ కోసేవాడు, ఎండబెట్టేవాడు, తాలు ఏరేవాడు, తూకం వేసేవాడు వరసగా ఉన్నారనుకోండి. కోసేవాడు పనికే రాలేదు. ఎండబెట్టడానికి కాయ లేదు, ఏరడానికి తాలు లేదు. చివరివాడు ఖాళీ సంచిని జాగ్రత్తగా తూచి, “తూకం సున్న, నా పని సవ్యం” అని చెప్పి వెళ్ళాడు. యజమాని మొత్తం పని సవ్యమనుకొన్నాడు! ఈ మోసం పడకుండా, వరసలో ఏ ఒక్కడు తప్పినా మొత్తం తప్పినట్టే లెక్కించమని యంత్రానికి ముందుగా చెప్పుకొనే వీలున్నది. చెప్పుకొనేవాళ్ళే తక్కువ.

వియ్యంకుల భోజనం

ఇక మూడో చిక్కు. ఇది నవ్వు పుట్టించేది గాని, ప్రోగ్రాములు రాసేవాళ్ళకు నిద్ర లేకుండా చేసేది. సహాయకుడి మాటలు వచ్చే గొట్టం ఎంతైనా పట్టే అక్షయపాత్ర కాదు. లినక్స్ వ్యవస్థలో సాధారణంగా 65,536 బైట్లు పడుతుంది. నిండితే, యజమాని కొంత తోడేదాకా సహాయకుడు కదలకుండా నిలబడి ఉంటాడు.

యజమాని ఏమనుకొన్నాడు? “ముందు సరుకంతా తీసుకొందాం. అది పూర్తయ్యాక ఫిర్యాదులు వింటాం.” ఆ రోజు సహాయకుడికి ఫిర్యాదులు జాస్తి. ఆ గొట్టం నిండిపోయింది. అది ఖాళీ అయితే గాని సహాయకుడు సరుకు పంపడు. సరుకు పూర్తిగా వస్తే గాని యజమాని ఆ గొట్టం ముట్టడు. పెళ్ళి పంక్తిలో వియ్యంకులిద్దరూ “తమరు మొదలుపెట్టండి, బావగారూ” అంటే “అబ్బే, తమరు కానివ్వండి” అనుకుంటూ విస్తళ్ళముందు చేతులు ముడుచుకొని కూర్చున్నట్టు ఇద్దరూ అట్లాగే ఉండిపోతారు. తెరమీద ఏ మాటా కనిపించదు. కరెంటు ఉన్నంతకాలం ఆ మర్యాద సాగుతూనే ఉంటుంది.

విచిత్రమేమంటే, పరీక్షించేటప్పుడు ఫిర్యాదులు కొద్దిగానే ఉంటాయి గనుక అంతా చక్కగా నడుస్తుంది. నిజంగా ఆపద వచ్చి ఫిర్యాదులు పెరిగిన రోజుననే పీకలమీదికి వస్తుంది. నివారణ సులువే: రెండు గొట్టాలనూ ఒకేసారి, విడువకుండా తోడుతూ ఉండాలి.

శ్రీహరికోట పాఠం

వేరే దారి ఉన్నది, మాట వచ్చింది, చెవిన పడింది. అయినా వినకపోతే? దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. కొత్తపట్నంనుంచి ఇదే తీరాన దక్షిణంగా పోతే శ్రీహరికోట వస్తుంది. 1979 ఆగస్టు 10న అక్కడినుంచి మన దేశపు ఎస్సెల్వీ-3 రాకెట్టు మొదటిసారి ఎగిరింది. ఆ పథకానికి నాయకుడు అబ్దుల్ కలాం. ఆయన తరువాతి కాలంలో అనేకమందికి చెప్పిన ప్రకారం, ప్రయోగానికి కొద్ది సేపటిముందు కంప్యూటరు ‘ఆగండి’ అన్నది. అదుపు చేసే భాగాల్లో ఏదో సరిగా లేదని చూపింది. చుట్టూ ఉన్న నిపుణులు లెక్కలు చూసి, భయం లేదు, పోనివ్వవచ్చునన్నారు. ఆయన కంప్యూటరును పక్కకు తప్పించి ప్రయోగం సాగించారు. మొదటి అంచె బాగా పనిచేసింది. రెండో అంచెలో అదుపు తప్పింది. రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో అంచెను అదుపులో ఉంచే వ్యవస్థలో ఒక కవాటం మూసుకోక ఆమ్లం కారిపోయిందని విచారణలో తేలింది.

కంప్యూటరు ఆగమన్న ప్రతిసారీ ఆగవలసిందేనని దీని అర్థం కాదు. ఊరికే అరిచే హెచ్చరికలూ ఉంటాయి. అవి ఎక్కువైతే నిజమైనదానికీ విలువ పోతుంది. నాన్నా పులి కథ మనకు తెలిసినదే. అందుచేత ఫిర్యాదును తోసిపుచ్చేముందు అది తప్పని రుజువు కావాలి. ఒప్పని రుజువు కాలేదన్నది చాలదు.

ఆ రోజు పత్రికలవాళ్ళ ముందుకు వచ్చి వైఫల్యాన్ని తనమీద వేసుకొన్నది సంస్థ పెద్ద సతీశ్ ధావన్. 1980 జులై 18న ప్రయోగం నెగ్గినప్పుడు పత్రికలవాళ్ళతో మాట్లాడే పని కలాంకు అప్పగించారు. మంచి యజమాని ప్రోగ్రాము కూడా ఇట్లాగే ఉండాలి. “ఎవరో సహాయకుడు చెడగొట్టాడు” అని చేతులు దులుపుకోరాదు. ఏ పనిమీద ఎవరిని పంపాను, వాడు ఏమన్నాడు, అందువల్ల మీ పని ఎక్కడ ఆగింది, మీరు చేయవలసినదేమిటి అని తన నోటితో చెప్పాలి. సహాయకుడి మాటలను యథాతథంగా లెక్కపుస్తకంలో రాసి ఉంచాలి. సంకేతపదాలవంటి గుట్టు మాత్రం అందులోకి పోనివ్వరాదు.

పదకొండో నంబరు

ఇప్పుడు రేవుల సంగతికి వద్దాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మన తీరం మరచిపోగలిగినది కాదు. పోయినవాళ్ళు పదివేలమంది అని ప్రభుత్వ లెక్క. హెచ్చరిక అసలు పుట్టకపోలేదు. కాని ఒడ్డున ఉన్న పల్లెలకు, ఏమి చేయాలో తెలిసే మాటగా, కదలడానికి వ్యవధి ఉండగా అది చేరలేదు. 1990 మేలో అంతే తీవ్రమైన తుపాను కృష్ణాతీరాన్ని తాకింది. ఈసారి లక్షలాదిమందిని ముందే ఇళ్ళనుంచి తరలించారు. చనిపోయినవాళ్ళ సంఖ్య వెయ్యి దాటలేదు. సముద్రం మారలేదు. కబురు నడిచే దారి మారింది.

అయితే కబురు నడిచే దారే తెగిపోతే? సరిగ్గా దీనికోసమే ఉన్నది పదకొండో నంబరు. వాతావరణ కార్యాలయంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడవచ్చునని ఇక్కడివాళ్ళు భావిస్తున్నారు అని దాని అర్థం. అంటే, కబురు రావడం లేదన్నదే ఒక కబురు! దాన్ని ఒకటికంటె ముందు, సున్న పక్కన పెట్టలేదు. మహా ప్రమాదమైన పదికి కూడా పైన పెట్టారు. ఏ మాటా వినపడకపోవడాన్ని క్షేమమని అనుకోరాదని ఈ పద్ధతి పెట్టినవాళ్ళకు తెలుసు.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు తరచుగా మరచిపోయేది ఇదే. సహాయకుడు ‘అయింది’ అనవచ్చు, ‘కాలేదు’ అనవచ్చు, ఏమీ అనకుండా ఉండిపోనూవచ్చు. మూడోదానికి గడువు పెట్టుకోవాలి. ఇంత సేపటిలో జవాబు రాకపోతే, అయిందనీ అనరాదు, కాలేదనీ అనరాదు; ‘తెలియదు’ అనాలి. ఫోనులో డబ్బు పంపినప్పుడు మన ఖాతాలో తగ్గి, అవతలివాళ్ళకు ముట్టినట్టు కబురు రాని సందర్భం చాలామందికి అనుభవమే. ‘పెండింగ్’ అని తెరమీద కనిపిస్తే విసుక్కుంటాం గాని, నిజానికి అది నిజాయితీ గల మాట. కాలేదనుకొని మళ్ళీ పంపితే రెండుసార్లు ముట్టవచ్చు. అందుకనే ప్రతి చెల్లింపుకూ ఒక వేరు నంబరు ఇస్తారు. దాన్ని చూపి, “ఈ నంబరు పని ఏమయింది?” అని అడిగి తెలుసుకొన్న తరువాతనే రెండో అడుగు వేయాలి.

మన పిల్లలు రాసే ప్రోగ్రాములమీద ఈనాడు బ్యాంకులు, ఆసుపత్రులు, రైళ్ళు, తుపాను హెచ్చరికలు కూడా నడుస్తున్నాయి. కనుక ఇంటికి వచ్చిన అబ్బాయిని గాని అమ్మాయిని గాని జీతమెంత అని అడిగిన తరువాత, ఇంకొక ప్రశ్న కూడా అడగవచ్చు: “నీ కింద పనిచేసే ప్రోగ్రాము చెడితే ఆ మాట ఎవరికి చేరుతుంది?” వెంటనే జవాబు చెప్పగలిగితే సంతోషించండి. కాస్త ఆలోచించి, “రేపు చూసుకోవాలి” అంటే మరీ సంతోషించండి.